అమెరికాలో వేసిన కుట్లు, నల్లకుంటలో ఫాలో అప్: ఈ క్లినిక్ గురించి నా రివ్యూ

రివ్యూ కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్తున్నా. బయటి దేశంలో చిన్న ఆపరేషన్ ఏదో అయ్యి కుట్లతోనో కట్టుతోనో హైదరాబాద్‌లో దిగేవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళని ఇక్కడ ఎవరు చూస్తారు, ఏం అడుగుతారు, ఎంతవుతుంది అని నేను వెతికినప్పుడు పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు, అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఇంకొకళ్ళు చేసిన ఆపరేషన్‌ని తమ పేషెంట్‌లా చూసుకునే డాక్టర్ దొరకడం ఈ ఊళ్ళో అంత తేలిక కాదు, ఈ క్లినిక్‌లో అది దొరికింది, నా రివ్యూ సారాంశం అదే, మిగతాదంతా వివరం.

మేం ఉండేది న్యూజెర్సీలో ఎడిసన్. నా వీపు మీద, సరిగ్గా బ్రా స్ట్రాప్ వచ్చే చోట, ఎన్నాళ్ళ నుంచో ఒక గడ్డ ఉండేది, నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ఈ మధ్య వాచడం, ఎర్రబడటం, తగ్గడం, మళ్ళీ వాచడం. తమ్ముడి పెళ్ళి శ్రావణంలో, ఆ టైమ్‌కి మళ్ళీ వాస్తే పెళ్ళంతా నొప్పితోనే గడపాలి అని, అక్కడి సర్జన్‌తో ప్రయాణం తేదీ కూడా మాట్లాడుకునే తీయించేసుకున్నా. లోకల్ మత్తు ఇచ్చి గంటలోపే అయిపోయింది. వీపు చర్మం మనం చెయ్యి కదిపినప్పుడల్లా లాగుతూ ఉంటుంది కాబట్టి కుట్లు 10 నుంచి 14 రోజులు ఉంచాలి, మొహం మీదైతే 5 రోజులకే తీసేస్తారు, తల మీద 7 నుంచి 10. నాది ఎటు చూసినా ఇండియాలోనే తీయించుకోవాల్సి వస్తుంది, ఆ మాట సర్జన్ కూడా ముందే చెప్పారు, అక్కడ ఏ డాక్టరైనా తీస్తారు, ప్రాబ్లం ఏదైనా ఉంటే మా హాస్పిటల్ ఆన్‌లైన్ పోర్టల్‌లో మెసేజ్ పెట్టండి అన్నారు. వీడియో కాల్ మాత్రం కుదరదన్నారు, ఎందుకంటే అక్కడ డాక్టర్ లైసెన్స్ పేషెంట్ ఏ రాష్ట్రంలో కూర్చుని ఉన్నారో దాన్ని బట్టి ఉంటుంది, దేశం దాటితే ఇంక చెప్పక్కర్లేదు. ఇది చాలామందికి తెలీదు, మా డాక్టర్ వీడియోలో చూసేస్తార్లే అని వచ్చేస్తుంటారు.

ఇల్లు చేరిన రెండో రోజు పొద్దున లేచేసరికి నైటీ వెనక తడి. అక్క చూసి కట్టంతా పసుపుపచ్చగా తడిసిందే అంది, దాంతో అమ్మకి కంగారు మొదలు. వీపు మీద గాయం కాబట్టి నాకు కనిపించదు, అక్క ఫోన్‌లో ఫోటో తీసి చూపిస్తే కుట్ల మధ్యలో ఒక చోట నుంచి నీరులాంటిది కారుతోంది. జ్వరం లేదు, పెద్దగా నొప్పి కూడా లేదు.

మొదట వెళ్ళింది ఒక పెద్ద కార్పొరేట్ హాస్పిటల్‌కి, పేరు రాయట్లేదు. రిజిస్ట్రేషన్, ఓపీ బిల్లు, వెయిటింగ్, బీపీ, బరువు, మళ్ళీ వెయిటింగ్. లోపలికి వెళ్ళాక చెప్పిన మొదటి మాట, ఇది మేము చేసిన సర్జరీ కాదు కదా మేడం అని. కట్టు ఒక పక్కన కొంచెం ఎత్తి చూసి, లోపల ఏముందో తెలీదు, అడ్మిట్ అయితే ఓపెన్ చేసి క్లీన్ చేసి మళ్ళీ కుడతాం అన్నారు, రక్త పరీక్షల లిస్టు రాశారు, కింద కౌంటర్‌లో ఎస్టిమేట్ ఇచ్చారు. నా దగ్గర అమెరికా కాగితాలు ఫైల్ నిండా ఉన్నాయి, ఒక్కటి కూడా అడగలేదు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, ఎవరో కోసినదానికి వీళ్ళు జవాబుదారీ అవ్వాలి, కానీ ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన కాగితం ఎదురుగా ఉండగా అది చదవకుండానే మళ్ళీ కోద్దాం అనడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, ఇప్పటికీ తల్చుకుంటే కోపం వస్తుంది. బావ అయితే ఎస్టిమేట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పద వెళ్దాం అన్నాడు అంతే.

దారిలో మెడికల్ షాపులో డ్రెస్సింగ్ సామాను కొంటుంటే షాపతను కూడా జాలిపడి, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజుల కోర్సు వేసుకోండి మేడం ఆరిపోతుంది అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు, తీసుకోలేదు.

ఈ క్లినిక్ గురించి చెప్పింది అక్కా వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్ ఆంటీ, ఆవిడకి షుగర్, కాలి పుండుకి ఇక్కడే నెలల తరబడి కట్టు కట్టించుకున్నారట. ఫీవర్ హాస్పిటల్ నుంచి విద్యానగర్ వైపు వస్తుంటే లోపలి గల్లీలో మొదటి అంతస్తు. కింద జిరాక్స్ షాపు, మెట్ల పక్కన బోర్డు. హాల్లో ఇనుప కుర్చీలు, టోకెన్ చీటీలు, ఒక ఫ్యాన్. చూడగానే, ఇక్కడా అనిపించే అవకాశం ఉంది, దయచేసి వెనక్కి తిరగకండి.

డాక్టర్ గారు పెద్దాయన, గవర్నమెంట్ సర్వీసులో జనరల్ సర్జన్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన కట్టు ముట్టుకోకముందే అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి: ఏ తేదీన అయింది, మత్తు లోకలా జనరలా, షుగర్ ఉందా, ఏ మందైనా పడదా, టేప్ పడదా, తీసిన గడ్డ బయాప్సీకి పంపారా, టెటనస్ ఎప్పుడు వేయించుకున్నావమ్మా. ఆ తర్వాత ఆపరేషన్ నోట్ ఉందా అన్నారు. నేను ప్రింట్ తెచ్చుకుంది ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సమ్మరీ, అందులో స్నానం ఎప్పుడు చేయొచ్చు, జ్వరం వస్తే ఏం చేయాలి లాంటివే ఉంటాయి. ఆయన అది కాదమ్మా, సర్జన్ రాసుకున్న నోట్ కావాలి, లోపల ఏ దారం వేశారో అందులో ఉంటుంది అన్నారు. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి డాక్టర్ రాసిన నోట్స్ పేషెంట్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా కనిపించాలని రూల్ ఉంది కాబట్టి అక్కడే కూర్చుని పోర్టల్‌లో తెరిచి ఫోన్ ఆయన చేతికిచ్చా. కళ్ళజోడు పైకి నెట్టుకుని మొత్తం చదివారు, బయట అంతమంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నా సరే తొందరపడలేదు.

చదివాక నాకు అర్థమయ్యేలా చెప్పారు. లోపలి పొరలో విక్రిల్ అనే దారం వేశారు, అది తీయక్కర్లేదు, రెండు నెలల్లో ఒంట్లో కలిసిపోతుంది. పైన వేసింది నైలాన్, అది దానంతట అది పోదు, తీయాల్సిందే. గడ్డ తీసిన చోట ఖాళీ ఏర్పడుతుంది, ఒళ్ళు ఆ ఖాళీలోకి నీరు ఊరుస్తుంది, దాన్నే సెరోమా అంటారు, అది చీము కాదు. చీమో నీరో చూస్తే తెలిసిపోతుంది, చూద్దాం పదమ్మా అని బల్ల మీద బోర్లా పడుకోమన్నారు.

ఆ చూసిన విధానం గురించి చెప్పాలి. లైట్ ఉన్న భూతద్దం దగ్గరకి లాగారు, సిస్టర్ టేప్ మీద సెలైన్‌తో తడిపి నానాకే తీసింది. టేప్ తీసేటప్పుడు రెండు వైపుల నుంచీ గాయం వైపుకే లాగింది, గాయం నుంచి బయటికి లాగితే కుట్ల మధ్య చర్మం విడిపోతుందట. గ్లవ్స్ వేసుకుని డాక్టర్ గారు గాయం చుట్టూ వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వచ్చారు, వేడిగా ఉందా, గట్టిగా ఉందా, ఎరుపు పాకుతోందా అని. కారిన నీటిని తెల్ల గాజ్ మీద అద్ది అక్కని పిలిచి చూపించారు, ఎండుగడ్డి రంగు, పల్చగా, వాసన లేదు. ఇదే చిక్కగా, వాసనగా ఉండి చుట్టూ ఎర్రగా వేడిగా ఉంటే అది వేరే కథ అన్నారు. అయినా అనుమానం వద్దని దూదిపుల్లతో స్వాబ్ తీసి కల్చర్‌కి, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే ల్యాబ్ పరీక్షకి పంపారు. కుట్లు ఆ రోజు అన్నీ తీయలేదు, ఒకటి విడిచి ఒకటి తీశారు, నీరు ఊరుతున్నచోట కుట్టు ముందు తీసి అది బయటికి పోయేలా దారి ఇచ్చారు, మిగతావి ఉంచారు. సన్నటి కత్తెర కొనని ముడి కిందకి పోనిచ్చి, చర్మానికి ఆనుకుని ఉన్న దారం కట్ చేసి, ముడి పట్టుకుని లాగారు. దానికి కారణం కూడా చెప్పారు, బయట ఉన్న దారానికి క్రిములు పట్టి ఉంటాయి, ఆ ముక్క చర్మం లోపల నుంచి వెళ్ళకూడదు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

యాంటీబయాటిక్ రాయలేదు. ఇది నేను అన్నిటికంటే గొప్పగా చెప్పుకునే విషయం. అమ్మ రెండుసార్లు అడిగింది, ముందు జాగ్రత్తకి ఏదైనా బిళ్ళ రాయండి డాక్టర్ గారూ అని. ఆయన ఓపిగ్గా, నీరుకి మందు అక్కర్లేదమ్మా, కల్చర్‌లో ఏదైనా పెరిగితే దానికి సరిపోయే మందే రాస్తా, ఊరికే వేస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయదు అన్నారు. మన దగ్గర యాంటీబయాటిక్ స్ట్రిప్‌ల వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం, దాని మీద కేంద్రం 2016లో ప్రచారం కూడా చేసింది. కొన్ని మందులైతే షెడ్యూల్ హెచ్ 1 అనే ప్రభుత్వ లిస్టు కింద ఉంటాయి, వాటికి మెడికల్ షాపు వాళ్ళు పేషెంట్ పేరు, డాక్టర్ పేరు వేరే రిజిస్టర్‌లో రాయాలి. అయినా చాలా షాపుల్లో అడగ్గానే ఇచ్చేస్తారు, మనకీ అడగడం అలవాటు. బయటి నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో సంగతి, అక్కడి చీటీతో ఇక్కడ మందు కొనాలంటే ఇబ్బంది, ఇక్కడ రిజిస్టర్ అయిన డాక్టర్ రాసింది కావాలి. అంకెలు కూడా తేడాగా ఉంటాయి. అక్కడ ఆగ్మెంటిన్ అనే యాంటీబయాటిక్ సీసా మీద 875 అంటే అందులో అమాక్సిసిలిన్ ఒక్కటీ 875 మిల్లీగ్రాములు, ఇక్కడ స్ట్రిప్ మీద 625 అంటే 500కి క్లావులనేట్ 125 కలిపిన లెక్క. పేరు ఒకటే కదా అని అక్కడి కోర్సు ఇక్కడి బిళ్ళలతో పూర్తి చేసేవాళ్ళు ఇది డాక్టర్‌కి చూపించి అడగండి. అక్కడ ఎసిటమినోఫెన్ అని రాసేది మన పారాసెటమాలే, నొప్పికి నాకు రాసింది కూడా అదే, డోలో 650, అవసరమైతేనే.

టీటీ కూడా వేయలేదు. దెబ్బ తగిలితే చాలు టీటీ వేయించుకో అనడం మన ఇళ్ళల్లో మామూలే కదా, అమ్మ అడిగింది, కానీ నా వ్యాక్సిన్ రికార్డులో పదేళ్ళ లోపు బూస్టర్ ఉంది, శుభ్రంగా థియేటర్‌లో కోసిన గాయానికి మళ్ళీ అక్కర్లేదన్నారు.

డ్రెస్సింగ్‌కి ఎక్కువగా సిస్టరే చూసేది. ఖమ్మం వైపు అమ్మాయి, చాలా నెమ్మది. శ్రావణం కాబట్టి ఒకటే ముసురు, కరెంట్ పోతే చెమట, మైక్రోపోర్ టేప్ ఊడిపోయేది, ఊడకుండా గట్టిగా అతికిస్తే చర్మం మీద దద్దుర్లు. తను అది గమనించి ప్రతిసారీ టేప్ వేసే చోటు మార్చేది, నిలువుగా వేసింది ఇంకోసారి అడ్డంగా. పైన బెటాడిన్ దట్టించడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం లాంటివి లేవు, సెలైన్‌తో కడగడం, ఆరబెట్టడం, పొడి గాజ్. వచ్చిన ప్రతి పేషెంట్ మధ్యలో చేతులు కడుక్కుంటుంది, కొత్త ప్యాకెట్ మన ముందే చింపుతుంది. ఈ ఒక్క విషయం చూసి క్లినిక్ మంచిదో కాదో చెప్పేయొచ్చు అంటాను నేను.

పథ్యం సంగతి రాయకపోతే ఇంట్లో యుద్ధం అర్థం కాదు. పెద్దమ్మ దిగిన రోజే చెప్పేసింది, పప్పు తినకూడదు చీము పడుతుంది, వంకాయ వద్దు, గోంగూర అసలే వద్దు, గాయం మీద పసుపు అద్దితే మూడు రోజుల్లో మానుతుంది అని. పెళ్ళి ఇంట్లో పప్పు, వంకాయ, గోంగూర లేకుండా ఏం తినాలి! డాక్టర్ గారు పెద్దమ్మనే లోపలికి పిలిచి కూర్చోబెట్టి, అమ్మా గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, పాలు, పెరుగు ఇవ్వండి, పసుపు కూరలో వేయండి గాయం మీద వద్దు, అందులో ఏ మట్టి ఉంటుందో తెలీదు అన్నారు. పెద్దావిడ మాటని కొట్టిపారేయకుండా, ఆవిడ వయసుకి ఇచ్చే మర్యాద ఇస్తూ చెప్పారు. ఆ రోజు రాత్రి పెద్దమ్మే నాకు ముద్దపప్పు వడ్డించింది. పెద్దవాళ్ళతో అలా మాట్లాడగలిగే డాక్టర్ ఉంటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది, నిజంగా.

పెళ్ళి పనులన్నీ కూడా ఆయనతో మాట్లాడాల్సి వచ్చింది, ఆడపడుచుని కదా, నలుగు దగ్గర నుంచి అప్పగింతల దాకా నేను లేనిదే కుదరదు. నలుగు పిండి వీపుకి తగలకూడదు, తల స్నానం ముందుకు వంగి చేయండి, షవర్ కింద నీళ్ళు పారితే పర్లేదు కానీ బకెట్లతో దిమ్మరించొద్దు, నానబెట్టొద్దు. చేతులు పైకెత్తి బరువు దించొద్దు, సూట్‌కేసులు అసలు ముట్టుకోవద్దు. పట్టు జాకెట్ గురించి సిస్టర్ ఇచ్చిన సలహా బంగారం, వెనక హుక్స్ అయితే సరిగ్గా కుట్ల మీదకే వస్తున్నాయి, ముందు హుక్స్‌కి మార్పించుకోండి, లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయించండి అంది. బర్కత్‌పురలో మా టైలర్ ఒక్క పూటలో మార్చి ఇచ్చాడు. పెళ్ళి రోజు పొద్దున్నే ముహూర్తానికి ముందు కట్టు మార్చాలంటే క్లినిక్ తెరిచే టైమ్ కాదు, సిస్టర్ డ్యూటీకి వచ్చే దారిలో ఇంటికే వచ్చి కట్టి వెళ్ళింది, భోజనానికి ఉండమంటే ఉండలేదు, అక్క పసుపు కుంకుమ పెట్టి జాకెట్ ముక్క ఇచ్చి పంపింది.

కల్చర్ రిపోర్ట్ రావడానికి రెండు మూడు రోజులు పట్టింది, ఏమీ పెరగలేదు. నీరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది, అప్పుడు మిగతా కుట్లు తీసి చర్మానికి ఆసరాగా సన్నటి పేపర్ స్ట్రిప్స్ అంటించారు, వాటంతట అవి ఊడేదాకా పీకొద్దన్నారు. ఈ మధ్యలోనే పోర్టల్‌లో బయాప్సీ రిపోర్ట్ వచ్చింది, ఎపిడర్మల్ ఇంక్లూజన్ సిస్ట్ అని. రాత్రి పూట ఫోన్‌లో ఆ ఇంగ్లీషు చదివి నాకు గుండె దడ. పొద్దున టోకెన్ తీసుకోకుండానే రిసెప్షన్‌లో ఫోన్ ఇస్తే డాక్టర్ గారు బయటికి వచ్చి, భయపడకమ్మా ఇది మామూలు గడ్డే, క్యాన్సర్ ఏమీ లేదు, గడ్డ చుట్టూ ఉండే గోడతో సహా తీశారు కాబట్టి మళ్ళీ వచ్చే అవకాశం చాలా తక్కువ అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. దానికి ఫీజు తీసుకోలేదు. అమ్మ అక్కడే ఆ ఇనుప కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

డబ్బుల లెక్క కూడా చెప్పేస్తా, అందరికీ కావాల్సింది అదే. కన్సల్టేషన్ 400 రూపాయలు, వారం లోపు మళ్ళీ చూస్తే ఫీజు లేదు. డ్రెస్సింగ్ ఒక్కోసారి 150, కుట్లు తీసినందుకు విడిగా ఏమీ వేయలేదు, కల్చర్ బయట ల్యాబ్‌కి కట్టాలి. మొత్తం కలిపినా ఆ పెద్ద హాస్పిటల్ ఎస్టిమేట్‌లో మూలకి కూడా రాదు. అమెరికాలో అయితే మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ పద్ధతి ప్రకారం చిన్న ప్రొసీజర్లకి 10 రోజుల దాకా, పెద్ద సర్జరీలకి 90 రోజుల దాకా సర్జన్ ఫాలో అప్ ఆపరేషన్ ఫీజులోనే కలిసి ఉంటుంది, అంటే అక్కడే ఉంటే ముందే కట్టేసిన డబ్బులతో చూసేవాళ్ళు, దేశం దాటితే ఆ సౌకర్యం మనతో రాదు. నా ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే, ప్రయాణానికి ముందే అయిన ఆపరేషన్‌కి మామూలు ఫాలో అప్ కవర్ కాదు, ఊహించని ఎమర్జెన్సీ అయితేనే చూస్తాం అన్నారు. అందుకే మీ పాలసీలో ఈ మాట ఎలా ఉందో బయలుదేరే ముందే చదువుకోండి, ఫోన్ చేసి అడిగి మెయిల్‌లో రాయించుకోండి. ఇక్కడ అడిగితే బిల్లు వివరంగా ఇస్తారు, దేనికెంత అని విడివిడిగా, స్టాంపు వేసి.

నాకు ఈ క్లినిక్ మీద గౌరవం పెరగడానికి ఇంకో కారణం తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన రాసిచ్చిన లెటర్. నేను అడగలేదు. లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రేషన్ నెంబర్‌తో, మొదటి రోజు ఏం కనిపించింది, ఏ కుట్లు ఎప్పుడు తీశారు, కల్చర్ ఎప్పుడు పంపారు, ఏమొచ్చింది, ఏ మందు ఇచ్చారు, ఏది ఇవ్వలేదు, ఇంకా ఏం గమనించాలి అని ఒక్క పేజీలో, మందుల పేర్లు జనరిక్‌లో, క్యాపిటల్ లెటర్స్‌లో. దాన్ని ఫోటో తీసి అక్కడి సర్జన్‌కి పోర్టల్‌లో పంపిస్తే ఒక పూటలో జవాబు వచ్చింది, చాలా చక్కగా చూశారు, ఆయనకి నా థ్యాంక్స్ చెప్పండి, ఈ లెటర్ మీ రికార్డులో పెడుతున్నాం అని. ఆ మెసేజ్ డాక్టర్ గారికి చూపిస్తే నవ్వి ఊరుకున్నారు. సిస్టర్‌కి మాత్రం చాలా సంతోషం వేసింది, స్క్రీన్ ఫోటో తీసుకుంది.

తిరిగి వెళ్ళాక అక్కడ చూపించుకున్నా, ఇంక చేయాల్సింది ఏమీ లేదన్నారు, సన్నటి గీతలా మచ్చ ఉంది అంతే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ మెట్లు నిజంగా కష్టం, ఇది వాళ్ళు తప్పకుండా ఆలోచించాలి, కాలి పుండ్లకి కట్టు కట్టించుకునేవాళ్ళు ఎంతమంది వస్తారో వాళ్ళకి తెలుసు కదా. సాయంత్రం రద్దీ విపరీతం, టోకెన్ ఉన్నా గంట పైనే కూర్చోవాలి. ఫోన్ ఒక్కోసారి ఎత్తరు. డబ్బులు క్యాష్ లేదా యూపీఐ మాత్రమే, బయటి కార్డు పనిచేయదు, నాకు అక్క కట్టింది, మీరు ఒక్కరే వస్తే చేతిలో క్యాష్ పెట్టుకోండి. డ్రెస్సింగ్ గదికి కర్టెన్ ఒక్కటే ఉంది, వీపు లాంటి చోట గాయం ఉన్న ఆడవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది, అది చెప్తే ఆ రోజు నుంచి సిస్టర్ లోపల గదిలోనే చేసింది కానీ అందరికీ అలాగే చేస్తే బాగుంటుంది, తలుపు పెట్టించండి డాక్టర్ గారూ, దయచేసి.

అన్నిటికీ ఇక్కడికే రమ్మని కూడా చెప్పను. కుట్లు తీయడం, కట్టు మార్చడం, చిన్న గడ్డలు, గోరుచుట్టు, గోరు లోపలికి పెరిగి తీయించుకున్నవాళ్ళు, చీముగడ్డ కోయించుకుని లోపల గాజ్ పెట్టించుకున్నవాళ్ళు, వీళ్ళకి ఇది సరిపోతుంది. కుట్లకి బదులు స్టేపుల్స్ (మెటల్ పిన్నులు) వేయించుకున్నవాళ్ళు ముందు ఫోన్ చేయండి, దానికి వేరే పరికరం కావాలి. చలి జ్వరం వచ్చినా, ఎరుపు గంట గంటకీ పాకుతున్నా, రక్తం ఆగకపోయినా, పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా క్లినిక్ కోసం ఎదురు చూడొద్దు, 108కి ఫోన్ చేయండి లేదా దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఏ హాస్పిటల్‌కైనా వెళ్ళండి, డాక్టర్ గారు కూడా మొదటి రోజే ఇది అక్కతో రెండుసార్లు చెప్పించుకున్నారు. అలాగే లాపరోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే కీహోల్ సర్జరీ) లాంటివి అయినవాళ్ళు విమానం ఎక్కే ముందే అడగాలి, కీహోల్ సర్జరీ తర్వాత ఒకటి రెండు రోజులు, మామూలు పొట్ట ఆపరేషన్ తర్వాత నాలుగైదు రోజులు ఆగాలని బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్తుంది, ఎయిర్‌లైన్ రూల్ ఇంకా వేరేగా ఉండొచ్చు.

వచ్చేటప్పుడు ఆపరేషన్ నోట్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, హాల్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు. వ్యాక్సిన్ రికార్డు, వాడుతున్న మందుల లిస్టు, ఆపరేషన్ అయిన రోజు నుంచి రోజూ తీసిన గాయం ఫోటోలు ఉంటే ఆయన అన్నీ చూస్తారు, ఫోటోలు చాలా ఉపయోగపడ్డాయి నాకు, మొదటి రోజుకీ ఇవాళ్టికీ తేడా వెంటనే కనిపించింది. పొద్దున పదింటికి తెరుస్తారు, డ్రెస్సింగ్‌కి ఆ టైమ్‌లోనే వెళ్ళండి, పావుగంటలో బయటపడొచ్చు. ఆదివారం సెలవు, కట్టు మార్చాల్సి ఉంటే శనివారమే చెప్పాలి. కారు పెట్టడానికి చోటు లేదు, ఆటోలో రావడం నయం, వాన గట్టిగా పడిన రోజు మెయిన్ రోడ్డు మీద నీళ్ళు నిలుస్తాయి, అలాంటప్పుడు విద్యానగర్ వైపు నుంచి లోపలి గల్లీలో రండి.